గోడలోని ఆవుమూతి

పాత ఇంటి పని అంటే మాటలా! కొత్త చెక్క చెప్పినట్టు వింటుంది. వందేళ్ల టేకు అట్లా కాదు, దాని పంతం దానిది. ఏ పక్క పుచ్చిందో, ఏ పక్క ఇంకా ప్రాణముందో వేలితో తట్టి వినాలి. కార్వేటినగరంలో కోటకు పోయే వీధిలో ఉన్న బెల్లం మండీవాళ్ల ఇంట్లో శాంతయ్య కొన్ని వారాలుగా చేస్తున్నది అదే. తట్టడం, వినడం, పుచ్చినంత మేర కోసి అతుకు వెయ్యడం. నడుమ ఆకాశం కనిపించే తొట్టికట్టు ఇల్లు అది. చుట్టూ వసారా, వసారాకు నున్నటి స్తంభాలు, వాటి తలల మీద చిలకలు, అరటిపూలు. వాకిలి తలుపు ఒక్కటే చాలు, పని తెలిసిన మనిషిని కాళ్లు పీకేదాకా నిలబెట్టేస్తుంది.

ఈ పని తనకు దొరికిందంటే శాంతయ్యకే ఇంకా నమ్మకం చిక్కలేదు. పుత్తూరులో శాంతయ్య అంటే మంచాలు, బల్లలు, చర్చికి బెంచీలు, ఎవరైనా పోతే పెట్టె. అంతే. పూలు, లతలు చెక్కించాలంటే జనం ఆచార్ల ఇళ్లకే పోతారు. దామోదరం ఆచారి కొట్టంలో వయసంతా చాకిరీ చేశాడు గాని, ఆయన రంపం ఇచ్చాడు, చిత్రిక ఇచ్చాడు, సన్న ఉలి మాత్రం ఏనాడూ చేతికివ్వలేదు. శాంతయ్య దూరం నుంచి చూసి నేర్చుకున్నాడు. చర్చిలో ప్రసంగపీఠం మీద ద్రాక్షగుత్తులు చెక్కి చెయ్యి తిప్పుకున్నాడు. ఇప్పుడు దామోదరానికి చేతులు వణుకుతున్నాయి. ఇంటి యజమాని హరినాథ్ పోయి అడిగితే, "మా శాంతిగాడు ఉండాడు, తీసకపో అప్పా" అన్నది కూడా ఆయనే.

ఆ ఉదయం వాకిలి పక్క గోడకు పాత సున్నం గీకుతున్న కూలోళ్లు శాంతయ్యను కేకేశారు. వీధి తిన్నెకు అవతల, గోడలో ఒక బొక్క బయటపడింది. అందులో నల్లగా పుచ్చిపోయిన చెక్క ముక్క. శాంతయ్య దాన్ని పసిబిడ్డను తీసినట్టు మెల్లగా బయటికి లాగాడు. చేతికొచ్చింది ఒక చెవి, కాస్తంత దవడ, నడిమధ్య నీళ్లు పారేంత గాడి. ఆవు తల. లోపలి పక్క గోడకు చూస్తే అదే ఎత్తులో చిన్న గూడు. గూట్లోంచి నీళ్లు పోస్తే గోడలోంచి పారి, ఆవు మూతిలోంచి వీధిలోకి పడుతుందన్న మాట.

హరినాథ్ భార్య మోహన పరుగున వచ్చింది. ఇల్లు బాగుచేయించే బాధ్యతంతా ఆమెదే. హరినాథ్‌కు చిత్తూరు మండీ తప్ప వేరే లోకం లేదు. తిరుపతికి వచ్చే జనం ఒక రాత్రి పాత ఇంట్లో ఉండిపోవాలని, పెళ్లి ఫోటోలు ఇక్కడ తీయించుకోవాలని ఆమె ఆశ. పాతది ఏది కనిపించినా ఆమె కళ్లు మెరుస్తాయి.

"అత్తయ్యా, ఇదేందో సూడండి!" అని వసారాలో కుర్చీలో ఉన్న రుక్మిణమ్మ ముందు ఆ ముక్క పెట్టింది.

రుక్మిణమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చూసింది, మళ్లీ తీసేసింది. "దాహం ధార. దాహమని వచ్చినోళ్లకి లోపల నుంచి పోసేవాళ్లు. మా అత్తగారి కాలం నాటిది. అయ్యన్నీ ఇప్పుడెందుకులే మోహనా," అని జపమాల తిప్పుకోసాగింది.

"ఎంత మంచి మనసో పెద్దోళ్లది!" అంది మోహన. "దోవన పొయ్యేవాళ్లకు అందరికీ దాహం తీర్చినారు, సూడండి శాంతయ్యా. దీన్ని మళ్లా పెడదాం. వచ్చినవాళ్లు వీధిలో నిలబడి దోసిలి పడితే లోపల నుంచి పానకం పోస్తాం. బెల్లం మండీవాళ్ల ఇంట్లో పానకం గాక ఇంకేం పోస్తాం? ఫోటోలకు ఎంత బాగుంటాదో! మీరు చెయ్యగలరా ఆ తల?"

చెయ్యగలరా! ఆ మాట కోసం ఎన్నేళ్లు చూశాడు శాంతయ్య. తల ఊపి, తలపాగా గుడ్డతో చేతులు తుడుచుకుని, "చేస్తానమ్మా," అన్నాడు.

"మీ పేరు కూడా చెక్కుకోండి దాని మీద. ఎవరు చేసినారని అడిగితే సూపిచ్చాల."

మనిషి నేల మీద నడిస్తే ఒట్టు ఆ పూట.

*

ఆ ఇంటిదే, చెదలు పట్టకుండా మిగిలిన పాత దూలం ముక్క ఒకటి ఎంచుకున్నాడు. అదే టేకు, అదే వయసు. పెరట్లో నీడన బల్ల వేసుకుని, దొరికిన చెవిని, దవడను ఎదురుగా పెట్టుకుని, బొగ్గుముక్కతో గీతలు గీశాడు. బాడిశతో ముక్క ముక్కగా ఎగరగొడుతుంటే లోపలి నుంచి ఎర్రటి చెక్క బయటపడి, ఇన్నేళ్ల తర్వాత కూడా నూనె వాసన కొట్టింది. "ఏందే, ఇంకా పచ్చిగానే ఉండావే," అని దాంతోనే మాట్లాడాడు.

రెండు సంగతులు మాత్రం అతనికి మింగుడు పడలేదు. ఆ బొక్క మనిషి నడుముకు కూడా రాదు, అంత కిందకుంది. నిలబడి పట్టాలంటే కుదరదు, బాగా వంగాల్సిందే. మోహనను అడిగాడు కూడా, కాస్త పైకి జరుపుదామా అని. "వద్దొద్దు, పాతది ఎట్లుందో అట్లే ఉండనీ," అంది. సరే, అప్పటోళ్లు పొట్టోళ్లేమో అనుకున్నాడు. రెండోది, పాత ముక్కను బట్టి చూస్తే ఆ మెడ గోడలోంచి మూరెడు పొడుగు బయటికి వచ్చినట్టుంది. నీళ్లు పొయ్యడానికి అంత మెడ ఎందుకు? గోడకు తడి తగలకుండా పెట్టుంటారని తానే జవాబు చెప్పుకున్నాడు. చెక్కకు సంబంధించిన ప్రశ్న అయితే శాంతయ్య చెక్కలోనే జవాబు వెతుకుతాడు. అతని కళ్లు అప్పుడు ఇంకెక్కడికీ పోవు. పోయుంటే ఎంత బాగుండేది!

మూడో రోజు మధ్యాహ్నం దామోదరం ఆచారి ఆటోలో దిగాడు. పని ఎట్లా సాగుతున్నదో చూడ్డానికట. స్తంభాల అతుకులు నిమిరి చూశాడు, వాకిలి తలుపుకు చెవి ఆనించి ఒకసారి తెరిచి మూశాడు. "పర్వాలేదురా," అన్నాడు. ఆయన నోట ఆ మాట వచ్చిందంటే పొగిడినట్టే. తర్వాత పెరట్లోకి వచ్చి, బల్ల మీద సగం లేచిన ఆవు తలను చూసి ఆగిపోయాడు. పక్కనున్న పాత చెవిని చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదెవురు చెయ్యమన్నారు?"

"మోహనమ్మ. వాకిట్లో గోడకు పెట్టాలంట మేస్త్రీ. పానకం పోస్తారంట."

దామోదరం చెవిని బల్ల మీద పెట్టేసి, "వద్దులేరా శాంతా. ఆ బొక్క సున్నంతో పూడ్చేయమను. చెక్క సరిపోలేదని చెప్పు. తలుపు పని చేసినావు కదా, చాల్లే," అన్నాడు.

"ఎందుకు మేస్త్రీ?"

"వద్దంటే వద్దు. అంతే."

శాంతయ్యకు ఒళ్లు మండింది. మేస్త్రీ ముందు నోరెత్తి ఎరగడు. కానీ లోపల సలసలా కాగింది. సన్న ఉలి నా చేతిలో చూసేసరికి ఓర్వలేకపోతున్నాడు ముసలాయన! అతుకులు వేస్తే పర్వాలేదు, తలుపు బాగుచేస్తే పర్వాలేదు, దేవుడి రూపంలాంటిది చెక్కడానికి కూచునేసరికి వీడెవడు అనిపించిందన్న మాట. ఇన్నేళ్లయినా ఆ బుద్ధి పోదు కదా! ఆటో వెళ్లిపోయాక ఉలి తీసి, కంటి రెప్పల మడతలు ఒక్కొక్కటే తీశాడు, కోపం అంతా పోసి. ఎంత ముద్దుగా వచ్చాయో!

ఆ సాయంత్రం ఇంటికి పోయేసరికి తల్లి తాయమ్మ గడపలో కూచుని చేటలో కందిపప్పు ఏరుతున్నది. తాయమ్మ పుట్టిల్లు కార్వేటినగరం పక్క పల్లెలోనే. పెళ్లయి పుత్తూరు వచ్చాక ఎప్పుడో గాని అటు పోలేదు.

"అమ్మా, ఆవు మొకం చెక్కతా ఉండానే. సూస్తే నిజం ఆవు అనుకుంటావు. మూతి తడిగా ఉన్నట్టే వచ్చింది."

చేటలో వేళ్లు ఆగాయి. "ఆ బెల్లంవాళ్ల ఇంట్లోనా?"

"ఊఁ. వాకిట్లో పెడతారు. గోడకి."

తాయమ్మ కొడుకు ముఖంలోకి చూసింది. పని చేసొచ్చిన ముఖం, నుదుటి మీద చెక్కపొడి, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. ఆమె మళ్లీ పప్పులోకి తల దించుకుంది. "బాగా చెయ్యి నాయనా," అంది.

"పండగ మాదిరి చేస్తారంట తెరిచే రోజు. నువ్వు రావాల. నీ కొడుకు పని నలుగురూ పొగడతా ఉంటే వినాల గదా!"

"వస్తాలే. కాళ్లు కడుక్కోపో."

*

నీళ్లు పోసే మూతితో ఒక తంటా ఉంది. గాడిలోంచి వచ్చే నీళ్లు అంచు దగ్గర తిన్నగా పడవు. చెక్కను పట్టుకుని, దవడ కింద నుంచి వెనక్కి పాకి, ఎక్కడంటే అక్కడ కారిపోతాయి. చెంబులోంచి పాలు వంచితే చెంబు అడుగు వెంబడి కారినట్టు. పాత ముక్క దవడ కింద నల్లటి మరక చూసి, దానికీ అదే జబ్బు ఉండేదని శాంతయ్య పట్టేశాడు. మూతి అంచుకు లోపలగా, కింది పక్కన సన్నటి గీత ఒకటి లోతుగా తీశాడు. వెనక్కి పాకబోయే చుక్క ఆ గీత దగ్గర ఆగి, జారలేక కిందకు రాలిపోతుంది. చెప్పడానికి ఇంతే గాని, ఆ గీత ఒక నూలుపోగంత ఎక్కువైనా అంచు విరుగుతుంది, తక్కువైతే నీళ్లు దాటేస్తాయి. పోసి చూడడం, ఆరబెట్టడం, మళ్లీ గీయడం. చివరికి చెంబెడు నీళ్లు పోస్తే ఒక్క చుక్క పక్కకు పోకుండా తాడులాగా దిగింది. శాంతయ్య పెరట్లో ఒక్కడే నిలబడి చప్పట్లు కొట్టుకున్నాడు.

ఆ గీత పక్కనే, దవడ కింద, తన పేరు చెక్కాడు. ముఖం మీద చెక్కితే గర్వం అంటారు. కింద అయితే ఎవరికీ కనపడదు, అయినా ఉంటుంది. "శాంతయ్య, పుత్తూరు" అని గుండ్రంగా, సన్న ఉలితోనే.

గోడ లోపలి పక్క వెడల్పుగా, మూతి పక్క సన్నంగా చేసిన తలను లోపలి నుంచి దూర్చి, వేపచెక్క ఆపులు కొట్టి బిగించాడు. వీధిలో నుంచి ఎంతమంది లాగినా రాదు. గోడ పగలగొట్టాల్సిందే. మోహన వచ్చి చూసి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. హరినాథ్ చిత్తూరు నుంచి వచ్చి, "శాంతయ్యా, కొట్టేసినావబ్బా!" అని భుజం తట్టాడు. తిరుపతిలో తన స్నేహితుడు హోటలు కడుతున్నాడని, అతనికి నీ పేరు చెప్తానని అన్నాడు. శాంతయ్యకు ఆ రాత్రి అన్నం సహించలేదు, ఆనందానికి.

*

తెరిచే రోజు పొద్దున్నే తల్లిని మోపెడ్ వెనక కూచోబెట్టుకుని తీసుకొచ్చాడు. తాయమ్మ పెట్టెలోంచి తీసిన ఆకుపచ్చ చీర కట్టుకుంది. వీధి మొదట్లోనే దిగి, "నడుస్తాలే నాయనా," అంది.

వాకిలికి మామిడాకులు, బంతిపూలు. చిత్తూరు నుంచి, తిరుపతి నుంచి కార్లు. లోపల ఇత్తడి గుండిగలో పానకం, మిరియాలు, సొంటి, యాలకుల వాసన వీధి దాకా కొడుతున్నది. మోహన శాంతయ్యను లోపలికి పిలిచి, చేతిలో చెంబు పెట్టింది. "మీరే పొయ్యాల. చేసిన చెయ్యి కదా." శాంతయ్య కళ్లు చెమర్చాయి. నిజంగానే చెమర్చాయి, అబద్ధమెందుకు. ఈ ఇంటి లోపల నిలబడి, ఈ ఇంటి చెంబుతో, వచ్చినవాళ్లకు తన చేతులతో పోయడం! నాయన ఉంటే చూసేవాడే అనుకున్నాడు.

గూటి ముందు వంగితే గాడిలోంచి అరచెయ్యంత వీధి కనిపిస్తుంది. మనుషుల ముఖాలు కనపడవు. చేతులే. మొదట గాజులు నిండిన రెండు చేతులు పళ్లెంలాగా వెడల్పుగా వచ్చాయి. పోస్తే సగం కారిపోయి, అవతల కేరింతలు. తర్వాత గడియారం పెట్టుకున్న చేతులు, ఉంగరాల చేతులు. ఎవరికీ పట్టడం రాదు! వేళ్ల సందుల్లోంచి కారి, చీరల మీద పడి, ఒకటే నవ్వులు. కొందరు ఆవు ముక్కు గిల్లారు, కొందరు మూతిని పట్టుకుని ఫోటో తీయించుకున్నారు. ఎంత అందంగా చెక్కినాడప్పా అని ఎవరో అన్నారు. శాంతయ్య పోస్తూ, గోడకు ఇవతల ఒంటరిగా నవ్వుకుంటూ ఉన్నాడు.

"అవ్వా, మీరు రాండి!" అని మోహన గొంతు వినిపించింది. "మీ కొడుకే పోస్తా ఉండాడు. పట్టండి, ఫోటో తీస్తారు."

చేతులు వచ్చాయి. కుడి ఉంగరపు వేలు సగమే ఉంది. చిన్నప్పుడు చెరకు గానుగలో పోయింది ఆ సగం.

ఆ చేతులు అందరి చేతుల్లాగా రాలేదు. మణికట్లు రెండూ అతుక్కుని, వేళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి సందు లేకుండా మూసుకుని, ముందుకు వాలి, ఆవు మూతికి జానెడు కింద వచ్చి ఆగాయి. చెక్కకు తగలకుండా ఆగాయి. కనీసం వేలి కొస కూడా తగలకుండా. వాటి వెనక, కిందగా, తెరిచిన నోరు కొంచెం కనిపించింది. నడుము వంచి, మెడ వాల్చి, తిన్నెకు దూరంగా నిలబడ్డ మనిషి ఎట్లా పట్టాలో ఆ చేతులకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఎప్పుడో నేర్చుకున్నాయి. ఇక్కడే నేర్చుకున్నాయి.

శాంతయ్య చేతిలో చెంబు ఆగిపోయింది.

దాహమని వచ్చినోళ్లకి! ఏ వచ్చినోళ్లకి? తిన్నె ఎక్కగలిగినవాడికి, గడప దాటగలిగినవాడికి గోడలోంచి పోయాల్సిన పని ఏముంది, లోటాతో ఇస్తారు. ఆ బొక్క అంత కిందకు ఎందుకుందో, ఆ మెడ అంత పొడుగు ఎందుకుందో అప్పుడు అర్థమైంది అతనికి. గోడకు తడి తగలకుండా కాదు, మనిషి తగలకుండా. అప్పటోళ్లు పొట్టోళ్లు కాదు, వాళ్లను వంచినారు. ఎన్ని రోజులు ఆ ముక్కను ఎదురుగా పెట్టుకుని కూచున్నాడు! ఎంత ప్రేమగా రెప్పల మడతలు తీశాడు!

"ఏం శాంతయ్యా, అయిపోయిందా పానకం?" అని ఎవరో అరిచారు. నవ్వారు.

గాడిలోంచి తల్లి గొంతు వచ్చింది, మెల్లగా, అతనికి మాత్రమే వినిపించేంత. "పొయ్యి నాయనా. అందరూ సూస్తా ఉండారు."

పోశాడు. చెంబు విసిరికొట్టి బయటికి పోయుండొచ్చు. పోలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా అతనికి తప్పు అక్కడే కనిపించింది. గోడకు లోపల పక్క నిలబడి, తల్లి దోసిట్లోకి పైనుంచి పోశాడు.

*

కోట దగ్గర కానుగ చెట్టు కింద మోపెడ్ ఆపాడు. భుజాన మోహన కప్పిన శాలువా ఇంకా ఉంది, తీయడం కూడా మరిచిపోయాడు. తాయమ్మ రాయి మీద కూచుని కాళ్లు చాపుకుంది.

"నీకు ముందే తెలుసునా అమ్మా?"

"తెలవకేం. ఆవు మొకం అన్నప్పుడే తెలిసింది. వాళ్ల సెరుకు తోటలో కొట్టేదానికి మా యమ్మ యెంట వస్తా ఉంటి. పొద్దు నడినెత్తికొస్తే ఆ గోడ కాడికొచ్చి నిలబడేది."

"చెప్పుంటే ఆ పని ముట్టేవాణ్నా నేను!"

"అందుకే చెప్పలా," అంది తాయమ్మ. "ఇన్నేండ్లు శవపెట్టెలు కొట్టినోడివి. ఆ సన్న ఉలి పట్టుకోని నవ్వతా ఇంటికొస్తివి. ఆ నవ్వు ఆర్పేదా నేను?"

"పట్టకుండా అన్నా ఉండొచ్చు గదా."

"అంతమందిలో నేను పట్టనంటే నీ పనికి మాట రాదా? ఏమైందిలే. పానకమే గదా, బాగానే ఉండాది." చీర కొంగుతో చేతులు మళ్లీ తుడుచుకుంది, అప్పటికే ఆరిపోయిన చేతులు. తర్వాత నిజంగానే గుర్తొచ్చి అన్నట్టు అంది. "ఆ పాతది శానా పాపిష్టిదిరా. మూతి కింద నుంచి కారిపొయ్యేది. సగం మోచేతుల్లో పొయ్యేది, సగమే నోట్లోకి. ఎండన పడి వచ్చి పడితే యాడ సాలతాది! ఇంగొంచెం పొయ్యమంటే తిట్టేవాళ్లు. నీది ఒక్క సుక్క పోలా నాయనా. అంత బాగా చేసినావు. కింద నీ పేరు కూడా సదువుకున్నా. వంగినోళ్లకే కనపడతాది అది."

మెచ్చుకుంటూనే అంది. మెచ్చుకోలు తప్ప ఇంకేమీ లేదు ఆ మాటలో. అదే అతన్ని కోసేసింది. శాంతయ్య తల్లి పక్కన నేల మీద కూలబడి, శాలువా ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. తాయమ్మ అతని తల మీద చెయ్యి వేసి, "లెయ్, ఎవురన్నా సూస్తారు," అంటూనే ఉంది.

మర్నాడు పొద్దున్నే దామోదరం ఇంటికి పోయాడు. ముసలాయన కొట్టం అరుగు మీద కూచుని కాఫీ తాగుతున్నాడు. శాంతయ్యను చూడగానే గ్లాసు కింద పెట్టేశాడు.

"పూడ్చేయమని చెప్పినా కదరా."

"ఎందుకో చెప్పలేదే మేస్త్రీ. ఓర్వలేక అంటా ఉండావు అనుకుంటి."

"అనుకుంటావని తెలుసు. నేను సన్న ఉలి ఇచ్చుంటే అనుకోవు." దామోదరం వణికే చేతులు ఒళ్లో దాచుకున్నాడు. "ఆ పాతది మా నాయన చేసింది. ఏ మొకం పెట్టుకోని చెప్పేది నీకు?"

శాంతయ్యకు ఆయన మీద కోపం రాలేదు. రావాలని చూశాడు, రాలేదు. ఇన్నాళ్లూ తప్పుగా కోపం తెచ్చుకుని వాడేసుకున్నాడు, ఇప్పుడు కావాల్సినప్పుడు మిగల్లేదు.

*

కార్వేటినగరం చేరేసరికి వీధి ఊడ్చి నీళ్లు చల్లుతున్నారు. మోహన వాకిట్లోకి వచ్చింది. "రండి శాంతయ్యా! మా ఆయన స్నేహితుడు ఫోన్ చేసినారు. తిరుపతి హోటల్లో ఇట్లాంటివే పెట్టాలంట, నాలుగు వైపులా. మీరే చెయ్యాలంట!"

శాంతయ్య చెప్పేశాడు. నిలబడి, ఉలి సంచి రెండు చేతులతో పట్టుకుని, ఎవరి కోసం పెట్టినారో, తన తల్లి ఎక్కడ నిలబడేదో, నిన్న ఎట్లా పట్టిందో చెప్పాడు. గొంతు పెంచలేదు. మోహన ముఖంలో రంగు మారింది. పాపం, ఆమెకు నిజంగా తెలియదు. "అత్తయ్య అట్లా చెప్పలేదే," అంది. ఆవు తలను చూసింది, వీధిని చూసింది. "అవ్వను నేనే పిలిచి పట్టించినా కదా... అయ్యో..."

"దాన్ని తీసేస్తానమ్మా. గోడ నేనే కట్టిస్తా. కూలి వద్దు."

మోహన ఆవు మూతి మీద చెయ్యి వేసింది. "అయినా శాంతయ్యా, ఇప్పుడు అందరూ పడతా ఉండారు గదా. పెద్దోళ్లు, మావాళ్లు, అందరూ వంగే పట్టినారు నిన్న. ఇప్పుడు ఆ తేడా ఏముంది? ఫోటోలు పెట్టేసినాం. వచ్చేవాళ్లు అది ఉంటాదనే వస్తా ఉండారు." తర్వాత గొంతు తగ్గించి, "ఆయనతో మాట్లాడతా. ఈ పెళ్లిళ్లు అయిపోనీ," అంది.

పెళ్లిళ్లు అయిపోతాయి, వేరే పెళ్లిళ్లు వస్తాయి. శాంతయ్యకు తెలియనిదా? "తిరుపతి పని నా చేత కాదని చెప్పండమ్మా," అన్నాడు. "నా పేరు మటుకు తీసుకుంటా."

ఆమె లోపలికి పోయింది.

పేరు దవడ కింద ఉంది. దాన్ని అందుకోవాలంటే వీధిలో మోకాళ్ల మీద కూచుని, నడుము వంచి, మెడ వాల్చి, ఆవు మూతి కింద నోరు పెట్టినట్టు పెట్టాలి. వేరే దోవ లేదు, ఎట్లా కూచున్నా అంతే. తానే అట్లా చేశాడు దాన్ని. నిన్నటి పానకం తీపికి చీమలు బారు కట్టాయి. వాటిని ఊది, సన్న ఉలి ఆనించి ఒక్కొక్క అక్షరం లేపాడు. చెక్కపొడి కళ్లలో పడింది, పెదాల మీద పడింది. పేరు పక్కనే నీళ్లు ఆపే గీత. పేరు పూర్తిగా పోవాలంటే అంచు దాకా చెక్కాలి, చెక్కితే గీత పోతుంది. ఉలి కాసేపు ఆగింది. అంత కష్టపడి తెచ్చుకున్న గీత! అయినా చెక్కేశాడు. దవడ కింద నున్నగా, ఖాళీగా అయింది.

లేచి మోకాళ్లు దులుపుకుంటుంటే ఒక కారు వచ్చి ఆగింది. దాంట్లోంచి కొత్తగా పెళ్లి కుదిరిన జంట దిగింది, వెనక కెమెరా పట్టుకున్నతను. లోపల ఎవరో చెంబు ముంచారు. ఆ పిల్ల చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని వంగి దోసిలి పట్టింది. పానకం మూతి అంచును పట్టుకుని వెనక్కి పాకి, దవడ కింద నుంచి అటూ ఇటూ కారింది. సగం దోసిట్లో, సగం మోచేతుల మీదుగా జాకెట్టులోకి. "అయ్యో, అయ్యో!" అని కేక పెట్టి, ఆ పిల్ల పకపకా నవ్వింది. ఆ పిల్లోడూ నవ్వాడు. మళ్లీ పొయ్యమంది. మళ్లీ పోశారు.

శాంతయ్య ఉలిని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. పుత్తూరులో చర్చివాళ్లు బెంచీ కాలు విరిగిందని కబురు పెట్టి రెండు రోజులైంది.